కళింగనగరం నుంచి కటకానికి

 

పట్టభద్రులారా, ఈ రోజు మీతో మన కళింగాన్ని ఏలిన తూర్పు గాంగుల గురించి మాట్లాడతాను. అంతకుముందు అక్కడ ఏలిన మాఠర రాజుల బలం సన్నగిల్లిన చోట, ఐదో శతాబ్దం చివర గాంగులు తలెత్తారు. వారి శకం 498 ప్రాంతంలో మొదలవుతుంది. జిర్జింగిలో దొరికిన ఇంద్రవర్మ రాగి శాసనం ఆ శకంలో 39వ ఏటిది, దంతపురం నుంచి ఇచ్చినది. ఆ తర్వాత రాజధాని కళింగనగరం, అంటే వంశధార ఒడ్డున మన ముఖలింగం. కులదైవం మహేంద్రగిరి మీది గోకర్ణేశ్వరుడు. దక్షిణం నుంచి వేంగి చాళుక్యుల ఒత్తిడి ఎంతవరకు వచ్చిందో చీపురుపల్లిలో బయటపడిన కుబ్జ విష్ణువర్ధనుడి శాసనం చెబుతుంది. ఒక దశలో గాంగ రాజ్యం ఐదు ముక్కలైంది. ఆ ముక్కలను ఒక వజ్రహస్తుడు కలిపాడని, అదే పేరున్న అతని వంశీయుడు 1057లో ఇచ్చిన నడగాం శాసనంలో ఉంది.

ఇంత చిన్న రాజ్యం అన్ని శతాబ్దాలు ఎలా నిలిచింది? కత్తి ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. ఆ రాగి రేకులు చూడండి. దానమిచ్చిన పొలానికి ఏ దిక్కున చెరువుంది, ఎక్కడ పుట్ట, ఎక్కడ చెట్టు, అన్నీ చెక్కించారు. ఇచ్చిన మాటను రాతలో పెట్టిన పాలన అది.

1078లో అనంతవర్మ చోడగంగ పట్టానికొచ్చాడు. తల్లి రాజసుందరి చోళుల ఆడపడుచు. అయినా 1110 ప్రాంతంలో కులోత్తుంగ చోళుడి సేనాని కరుణాకర తొండైమాన్ కళింగం మీద పడ్డాడు. ఆ గెలుపునే జయంగొండార్ ‘కళింగత్తుప్పరణి’గా తమిళంలో పాడాడు. చోడగంగ మాత్రం కుంగిపోలేదు. ఉత్కళాన్ని కలుపుకున్నాడు, పూరీలో జగన్నాథుడికి గుడి కట్టించాడు, రాజధానిని కటకానికి, అంటే నేటి కటక్‌కు, మార్చాడు. వంశం 1434 దాకా, గజపతి కపిలేంద్రుడు సింహాసనం అందుకునే వరకు సాగింది. కళింగనగరం మాత్రం పల్లెగా మిగిలింది. రాజు వెళ్లిపోయాడు, అంతే. వంశం పైకి పోవడానికి, ఊరు దిగిపోవడానికి కారణం ఒకే నిర్ణయం.

మీలో చాలామంది విశాఖకో, హైదరాబాదుకో, బెంగళూరుకో వెళ్తారు. శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లకు వలస కొత్త కాదు. వెళ్లొద్దని నేను అనను. చోడగంగ కదలకపోతే పూరీ గుడి లేదు.

అయితే ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారిని మరవకండి. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, పాత లిపులు తనకు తానే నేర్చుకుని, ముఖలింగం గుడి శాసనాలు చదివారు. ఈ పల్లెటూరే కళింగనగరమని చూపించారు. మరుగున పడిన రాజధానిని ఒక మేష్టారు వెనక్కి తెచ్చారు.

ఆ పని ఇంకా మిగిలే ఉంది. దుక్కిలో రాగి రేకు దొరికితే కరిగించనివ్వకండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. గుడి రాతి మీద అక్షరాలుంటే సున్నం కొట్టొద్దని ఊరి పెద్దలకు చెప్పండి. పండక్కి ఊరొచ్చినప్పుడు ఫొటో తీసి మైసూరులోని పురావస్తు సర్వేక్షణ శాసన విభాగానికి పంపండి. ఎలా పంపాలో తెలియకపోతే మీ చరిత్ర మాస్టారిని అడగండి.