వేడెక్కుతున్న భూమి – పగటి దోమ



1964లో మద్రాసు నగరంలో కీళ్లను పట్టివేసే ఒక జ్వరం వ్యాపించింది. మరుసటి ఏడు అది విశాఖపట్నం, కాకినాడ, నాగపూరులలో కనిపించింది. అదే చికున్‌గున్యా. 1973 తరువాత మూడు దశాబ్దాలపాటు పెద్దగా వినిపించని ఆ వ్యాధి 2005లో తిరిగివచ్చింది. 2006లో దేశంలో 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు నమోదయ్యాయి. నాటి మద్రాసు బాలురు నేడు తాతలైనారు. వారి మనుమలకు ఈ ముప్పు తొలగలేదు సరికదా, డెంగీ రూపంలో మరింత పెరిగింది.

ఈ రెండు వైరస్‌లనూ మోసేది ఏడిస్ దోమ. అది పగలు కుడుతుంది. అనగా పిల్లలు బడిలో ఉండే వేళల్లోనే. రోగి రక్తాన్ని పీల్చిన దోమ వెంటనే ఇతరులకు వ్యాధిని అంటించలేదు. వైరస్ దాని శరీరంలో వృద్ధిచెంది లాలాజల గ్రంథులను చేరాలి. డెంగీ వైరస్‌కు ఇందుకు 25 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు రెండు వారాలు పడితే, 30 డిగ్రీల వద్ద ఒక వారం చాలు. దోమ ఆయుర్దాయం కొద్ది వారాలే. కాబట్టి వాతావరణం వేడెక్కినకొద్దీ, వ్యాధిని పంచకముందే చనిపోవలసిన దోమకు పలువురిని కుట్టే వ్యవధి లభిస్తుంది.

ఎండ మరీ మితిమీరితే దోమ కూడా తాళలేదు. అయితే ఒకప్పుడు చలి కాపాడిన ఎత్తైన ప్రదేశాలకు ఇప్పుడు ఆ రక్షణ సడలుతున్నది. నేపాల్‌లో డెంగీని తొలిసారి 2004లో గుర్తించారు. 2022లో అక్కడ యాభై వేలకు మించి కేసులు వచ్చాయి. సుమారు 1,400 మీటర్ల ఎత్తున గల కాఠ్మండు లోయ కూడా తప్పించుకోలేదు. ప్రజల రాకపోకలు, పట్టణాల పెరుగుదల సైతం ఇందుకు కారణాలే.

వాన ఎక్కువైతే పాత టైర్లలో, పూలకుండీలలో నీరు నిలుస్తుంది. వాన కరవైతే ఇంటింటా తొట్లలో, డ్రమ్ములలో నీరు దాచవలసివస్తుంది. రెండూ ఏడిస్‌కు అనుకూలమే. దాని గుడ్లు పాత్ర గోడలను అంటిపెట్టుకొని, నీరు లేకున్నా నెలల తరబడి బ్రతుకుతాయి. అందుచేత నీరు పారబోస్తే సరిపోదు. గోడలను గట్టిగా తోమి, ఆరబెట్టి, మూతపెట్టాలి.

గుడ్డు దోమగా మారడానికి సుమారు ఎనిమిది నుండి పది రోజులు పడుతుంది. వేడిమిలో ఆ గడువు ఇంకా తగ్గుతుంది. కనుక వారానికొక రోజు ఇంటిలోనూ, బడిలోనూ ఈ పని తప్పక జరగాలి. భూతాపాన్ని అరికట్టడం దేశాలన్నీ కలసి చేయవలసిన కార్యం. ఆ లోపల పిల్లలను కాపాడే ఈ చిన్న పనిని పెద్దలు వాయిదా వేయరాదు.