తెలిసిన మాటకే డిక్షనరీ చూడాలి

(కొండాపూర్‌లో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఇచ్చిన అంశం "ఇంగ్లీషులో పదసంపదను, నుడికారాన్ని పెంచుకొనుట ఎట్లు?" అన్నది. నిజానికి దీని మీద మాట్లాడవలసినవారు ప్రొఫెసర్లు. నేను తెలుగు మీడియంలో చదివి, గుమాస్తాగా చేరి, ముప్పై ఆరేళ్ళు ఇంగ్లీషు కాగితాల మధ్య బతికినవాణ్ణి. కాబట్టి పాండిత్యం చెప్పను, అనుభవం చెబుతాను. ఇందాక గేటు దగ్గర ఒక మిత్రుడు, "డెబ్బై దాటాక మనకు ఇంగ్లీషు ఎందుకండీ, పైలోకంలో ఇంటర్వ్యూకా?" అని అడిగారు. ఆయనకు జవాబు చివర మనవి చేస్తాను.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. అది నాది.

1976వ సంవత్సరం. ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళు. మా ఆఫీసులో ఒక అటెండరు సర్వీసులో ఉండగానే చనిపోయాడు. ఆయన భార్యకు గ్రాట్యుటీ రావాలి. ఆ ఫైలు నా సీటుది. ఆయన తీసుకున్న అడ్వాన్సులో మూడు వందల చిల్లర బాకీ మిగిలి ఉంది. పై ఆఫీసు నుండి మెమో వచ్చింది. ఆ బాకీని "మేడ్ గుడ్" చేసిన తర్వాతే గ్రాట్యుటీ విడుదల చేయాలని దాని సారాంశం. మేడ్ తెలిసిన మాటే. గుడ్ ఒకటో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. రెండూ కలిపి "బాగు చేయుట" అని అర్థం చెప్పుకున్నాను. లెక్క బాగా లేదు కాబోలు అనుకొని, బాకీ పట్టికను కొత్త కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో తిరిగి రాసి పంపాను. నెలన్నరకు అదే వాక్యంతో తిరిగి వచ్చింది. ఇంకొక గీత కూడా గీసి, ఇంకా బాగు చేసి పంపాను. మళ్ళీ వచ్చింది. ఇట్లా అయిదు నెలలు.

ఆమె వారానికొకసారి బస్సెక్కి వచ్చి ఆఫీసు ముందర వేపచెట్టు కింద కూర్చునేది. "సారూ, గా కాయితంల ఏం రాసిండ్రు?" అని అడిగేది. "లెక్క సరిగ్గ లేదంటున్నరమ్మా, పంపినం, వస్తది" అని చెప్పేవాణ్ణి. నాకు తెలియదని నాకే తెలియదు.

సెలవు మీద పోయిన సూపరింటెండెంటు గారు తిరిగి వచ్చి ఫైలు చూశారు. ఆయన చదువంతా ఉర్దూ మీడియంలో. ఇంగ్లీషు కష్టపడి నేర్చుకున్నవారు. "ఏమయ్యా, మేక్ గుడ్ అంటే నష్టాన్ని పూడ్చడం, బాకీ కట్టడం. గ్రాట్యుటీలో పట్టుకోండని ఆమెతో ఒక సమ్మతి పత్రం రాయించి పంపితే ఒక్కరోజు పని" అన్నారు. తర్వాత ఆయన అన్న మాట నేను ఈనాటికీ మరువలేదు. "తెలియని మాటకు డిక్షనరీ చూస్తావు, సంతోషం. తెలిసిన మాటకు ఎందుకు చూడవు?"

ఆమె వేలిముద్ర వేసింది. నెల తిరగకుండా డబ్బు వచ్చింది. కానీ ఆ అయిదు నెలల్లో ఆమె కాళ్ళ కడియాలు కుదువ పెట్టింది, చిన్న కొడుకును బడి మాన్పించి జీతానికి పెట్టింది. ఆ పిల్లవాడు మళ్ళీ బడికి పోయాడో లేదో నేను కనుక్కోలేదు. కనుక్కొని ఉండవలసింది.

నేటి నా ఉపన్యాసానికి సారం సూపరింటెండెంటు గారి ఆ ఒక్క మాటే. మిగిలినది దానికి వ్యాఖ్యానం.

పరభాష నేర్చేవారికి కొత్త మాట కన్నా పరిచయమైన మాటే ఎక్కువ మోసం చేస్తుంది. ఇది మనకొక్కరికే కాదు. స్వీడన్ దేశస్థులను చూడండి. వారి భాషా ఇంగ్లీషూ దాయాదులు. చేతిని వారూ హాండ్ అనే రాస్తారు, వేలిని ఫింగర్ అనే రాస్తారు, ఇల్లు వారికి హూస్. కాబట్టి వారు తొలి మెట్లు తొందరగా ఎక్కుతారు. చిక్కు తర్వాత వస్తుంది. ఇంగ్లీషులో గిఫ్ట్ అంటే కానుక. అవే అక్షరాలతో రాసే స్వీడిష్ మాటకు ఒక అర్థం విషం, ఇంకొక అర్థం పెండ్లి అయిన వ్యక్తి! నుడికారం సంగతీ అంతే. తొందరేమీ లేదు అనడానికి వారు "మంచు మీద ఆవు లేదు" అంటారు. దాన్ని మాటకు మాటగా ఇంగ్లీషులోకి దించితే లండన్‌వాడు బిత్తరపోయి చూస్తాడు. దాయాదులకే ఇంత కష్టముంటే, ఏ చుట్టరికమూ లేని మన సంగతి చెప్పనక్కరలేదు.

అయితే మనకూ ఒక తీరు చుట్టరికం ఏర్పడింది. ఇంగ్లీషు మాటలు వందల సంఖ్యలో తెలుగింటికి వచ్చి కాపురం పెట్టాయి. వచ్చాక గుణం మార్చుకున్నాయి. మనకు డౌట్ అంటే అడగవలసిన ప్రశ్న. వారికి నమ్మకం లేకపోవడం. పిల్లవాడు విదేశీ గురువుతో "మీ పాఠం మీద నాకు డౌట్ ఉంది" అంటే, పాఠమే తప్పంటున్నాడని ఆయన అనుకోవచ్చు. మనం హోటల్‌కు పోయేది ఇడ్లీ తినడానికి, వారు పోయేది పడుకోవడానికి. ఊళ్ళో లేకపోతే మనం ఔట్ ఆఫ్ స్టేషన్. వారికది అర్థమే కాదు. మనం విరివిగా వాడే ప్రీపోన్ మాత్రం ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకే ఎక్కింది. మన పందికొక్కు ఏనాడో బాండికూట్‌గా ఇంగ్లీషులో చేరింది. ఇచ్చిపుచ్చుకోవడం ఉన్నదే. ఏ మాట ఎక్కడ చెల్లుతుందో తెలియడమే మనకు కావలసింది.

ఇక మన ఆఫీసు మాటలు. శాంక్షన్ అంటే మంజూరు అని మనకు కంఠోపాఠం. మరి పేపర్లో రష్యా మీద అమెరికా శాంక్షన్లు విధించింది అంటే మంజూరు కాదు, ఆంక్ష. ఓవర్‌సైట్ అని సంజాయిషీలో రాస్తే పొరపాటు, కమిటీ పేరులో వస్తే పర్యవేక్షణ. ఔట్‌స్టాండింగ్ అని రహస్య నివేదికలో రాస్తే ప్రమోషను, లెడ్జరులో రాస్తే బాకీ! "ఫైలు పుటప్ చేయండి" అంటే సమర్పించమని. దాని చివర విత్ తగిలిస్తే భరించడం. ఆఫీసరు మన ఫైలును పుటప్ చేయమన్నాడా, మనల్ని పుటప్ విత్ చేస్తున్నాడా అన్నది ఒక చిన్న మాట మీద ఉంది.

మన పక్కనే పటాన్‌చెరు ఉంది. అక్కడి ఫ్యాక్టరీ కార్మికునికి లే-ఆఫ్ అనే మాట బాగా తెలుసు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం లే-ఆఫ్‌కు చెప్పిన అర్థం, యజమాని తాత్కాలికంగా పని చూపలేకపోవడం. ఉద్యోగం పోదు. పోతే దానికి రిట్రెంచ్‌మెంట్ అని వేరే మాట. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉన్న మన మనుమడు లే-ఆఫ్ అంటే ఉద్యోగం ఊడిందనే. తాత ఒకటి అన్నాడు, మనుమడు ఇంకొకటి విన్నాడు. ఇద్దరిదీ ఇంగ్లీషే.

ఇక నుడికారం. ఇక్కడ నాకు తెలిసిన ఉపాయం ఒకటే. మాటకు మాట వెదకవద్దు, సందర్భానికి సందర్భం వెదకాలి. ఇంగ్లీషువాడు "అమ్మమ్మకు గుడ్డు జుర్రడం నేర్పవద్దు" అంటాడు. మనం "తాతకు దగ్గులు నేర్పినట్టు" అంటాం. గుడ్డుకూ దగ్గుకూ సంబంధం లేదు, సందర్భం ఒక్కటే. కానీ ఇక్కడా జాగ్రత్త కావాలి. "ఒలికిన పాల కోసం ఏడవవద్దు" అన్న వారి సామెతకు "చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు" అన్నది సమానమని నేను చాలాకాలం నమ్మాను. కాదు. వారిది ఓదార్పు, మనది ఎత్తిపొడుపు. మన దానికి వారిలో జోడీ "గుర్రం పారిపోయాక సాలకు తాళం వేయడం". దుఃఖంలో ఉన్నవాడికి పాల సామెత చెప్పాలి గాని గుర్రం సామెత చెప్పకూడదు. ఇంకొక మాట. నుడికారాలు వంద అర్థం చేసుకోండి, పది వాడండి. కూరలో ఉప్పు లాగా ఉండాలి గాని ఉప్పే కూర కాకూడదు.

మరి నేర్చుకోవడం ఎట్లు? మన తరంవారికి శంకరనారాయణ డిక్షనరీ ఇంటి దేవుడు. అంతకు ముందు బ్రౌను దొరగారి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. ఇవి అర్థం చెబుతాయి. కానీ మాట ఎవరితో స్నేహం చేస్తుందో, ఏ వాక్యంలో ఎట్లా కూర్చుంటుందో చెప్పడానికి వేరే తరహా డిక్షనరీ కావాలి. దాన్ని తయారు చేసినవారిలో ముఖ్యుడు హార్న్‌బీ అనే ఆంగ్లేయుడు. జపాన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెబుతూ, పరభాషవాడు ఎక్కడ తడబడతాడో గమనించి, సహచరులతో కలిసి ఆ డిక్షనరీ కూర్చాడు. అది 1942లో, ఆ రెండు దేశాలు యుద్ధంలో ఉండగానే, జపాన్‌లో అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్‌వారు దాన్ని ప్రచురించారు. ఈనాటి అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ దాని వారసురాలే. తెల్లవారి పిల్లల కోసం కాదు, మనలాంటివారి కోసం పుట్టిన పుస్తకం. ఫోనులో కూడా దొరుకుతుంది.

నేను ఒక రిజిస్టరు పెట్టుకున్నాను. గుమాస్తా బుద్ధి పోదు కదా! దానికి నాలుగు కాలములు. మొదటిది మాట. రెండవది అది కనబడిన పూర్తి వాక్యం. మూడవది ఎక్కడ, ఏ సందర్భంలో. నాలుగవది అటువంటి చోట మన ఇంట్లో ఏమంటాం. రోజుకు ఒకటి చాలు. ఒంటరి మాటను రాయకూడదన్నది మాత్రం నియమం. వాక్యం లేని మాట, చిరునామా లేని తపాలా వంటిది. మొదటి పేజీలో మొదటి మాట ఏదో మీరు ఊహించగలరు.

ఇప్పుడు గేటు దగ్గరి మిత్రునికి జవాబు.

అయ్యా, ఈ రోజు మనం ఎందుకు కూడాము? 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది కాబట్టి. ఆ తీర్పులో తేలవలసిన ప్రశ్నల్లో ఒకటి, పెన్షన్ అనేది బౌంటీనా, హక్కా అన్నది. బౌంటీ అంటే దొర దయతలచి ఇచ్చేది. కాదు, చేసిన సేవకు వచ్చిన హక్కు అని న్యాయమూర్తులు తేల్చారు. మన నెలసరి బతుకు ఆ రెండు మాటల తేడా మీద నిలబడి ఉంది. ఎక్స్-గ్రేషియా అన్న మాట కూడా చూడండి. బాధ్యత లేకపోయినా దయతో ఇచ్చేదని దాని అర్థం. మనకు రావలసిన దాని మీద ఎవరైనా ఆ మాట రాస్తే, సంతోషించే ముందు డిక్షనరీ తీయాలి.

బ్యాంకులో జాయింటు ఖాతా ఫారం నింపుతాం. ఐదర్ ఆర్ సర్వైవర్ అంటే ఇద్దరిలో ఎవరైనా తీయవచ్చు. ఫార్మర్ ఆర్ సర్వైవర్ అంటే మొదటి పేరువారు బతికి ఉన్నంతకాలం వారే తీయాలి. మన పక్క ఊరి పెద్దమనిషి ఒకరు, "మనం ఎవుసం చేసెటోళ్ళమే గద" అని ఫార్మర్ మీద టిక్కు పెట్టించారు. ఆయన ఆసుపత్రిలో మంచాన పడితే భార్య ఆ ఖాతాలోంచి రూపాయి తీయలేకపోయింది. నవ్వు వస్తుంది, కానీ ఆమెకు నవ్వు రాలేదు. ఆరోగ్య బీమా కాగితంలో కో-పే అని ఉంటే బిల్లులో మన వంతు కూడా ఉందని అర్థం. చిన్న మాటే, చేతికి బిల్లు వచ్చిన రోజున పెద్దది అవుతుంది.

1966లో అధికార భాషా చట్టం వచ్చింది. తెలుగులో పాలన జరగాలని మనమందరం కోరుకున్నాం, నేనిప్పటికీ కోరుకుంటాను. కానీ డబ్బుతో, రోగంతో, కోర్టుతో ముడిపడిన కాగితం ఎక్కువగా ఇంగ్లీషులోనే వస్తున్నది. 2022-23 నుండి మన రాష్ట్రంలో సర్కారు బడుల్లో ఒకటి నుండి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం పెట్టారు. ఇంట్లో తెలుగు తప్ప వినని పిల్లలు ఆ పుస్తకాలు పట్టుకొని మన అరుగుల ముందు నుంచే పోతున్నారు. ఊరికొక రిటైర్డు గుమాస్తా సాయంత్రం ఒక గంట కూర్చొని, వచ్చినవారి కాగితం చదివి తెలుగులో చెబితే, పిల్లవాడికి ఒక వాక్యం విప్పి చెబితే, అది చిన్న పని కాదు. అది చేయాలంటే ముందు మనకు సరిగ్గా తెలిసి ఉండాలి. తెలియకపోతే "ఆగమ్మా, చూసి చెబుతా" అనే ధైర్యం ఉండాలి. అయిదు నెలలు నాకు లేనిది ఆ ధైర్యమే.

చివరిగా మన ఊరి మాట. కొండాపూర్ అనగానే అందరూ హైటెక్ సిటీ పక్కది అనుకుంటున్నారు. మన కొండాపూర్ సాతవాహనుల నాటిది. 1940-42 మధ్య మన దిబ్బ మీద గులాం యజ్దానీ గారి ఆధ్వర్యంలో జరిగిన తవ్వకాల్లో సాతవాహన నాణేలు రాసులుగా దొరికాయి. వాటితోపాటు రోము చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం ఒకటి బయటపడింది. రెండువేల ఏండ్ల కిందటే పరదేశపు నాణెం మన ఊరికి వచ్చింది. ఆనాటి వర్తకుడు దాన్ని కాదనలేదు. అట్లని మెరుపు చూసి మూట కట్టుకొని కూడా ఉండడు. గీటురాయి మీద గీసి, తూచి, విలువ తెలుసుకొనే తీసుకొని ఉంటాడు. పరభాష మాటను మనం తీసుకోవలసింది కూడా అట్లాగే.

 ఎవరి దగ్గరైనా అర్థంకాని కాగితం ఉంటే భోజనాల తర్వాత తీసుకురండి, కూర్చుందాం. అర్థమైందనుకున్న కాగితం ఉంటే, దాన్ని ముందు తీసుకురండి.

సెలవు.