వైద్యుని యోగక్షేమము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



వైద్యుని సాక్షాత్తు నారాయణునిగా భావించుట ఈ దేశమున తరతరములుగా వచ్చుచున్న సంప్రదాయము. ఆ భావన ఉదాత్తమైనదే. కాని అందొక ప్రమాదము దాగియున్నది. దేవునకు ఆకలి లేదు, నిద్ర లేదు, మృత్యుభయము లేదు. వైద్యునకో, ఈ మూడును కలవు. అతనిని దేవుడని కొనియాడి మనుష్యుడని మఱచిపోవుట యెంతటి అనర్థమునకు దారితీయునో కోవిడ్ మహమ్మారి లోకమునకు చాటిచెప్పెను. 2020 మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వ్యాధిని మహమ్మారిగా ప్రకటించెను. సరిగా ఆ దినముననే ఇటలీ దేశమున రొబెర్తో స్తెల్లా అను కుటుంబవైద్యుడు ఆ వ్యాధివలననే అసువులు బాసెను. ఆయన వయస్సు 67 సంవత్సరములు. వరేసే మండలపు వైద్యసంఘమునకు ఆయన అధ్యక్షుడు.

కుటుంబవైద్యుడనగా ఎవ్వరో ముందుగా తెలిసికొనవలయును. ఇటలీలో 1978వ సంవత్సరపు చట్టముచే జాతీయ ఆరోగ్యసేవ యేర్పడెను. అచ్చటి ప్రతి పౌరుడును ఒక వైద్యుని యొద్ద తన పేరు నమోదు చేయించుకొనును. ఒక్కొక్క వైద్యుని పట్టికలో సాధారణముగా 1,500 మంది వరకు ఉండవచ్చును. ఆయన నెలజీతగాడు కాడు. ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని, తన పట్టికలోని జనసంఖ్యను బట్టి పైకము పొందుచు, తన వైద్యశాలను తానే నడుపుకొనును. జ్వరము వచ్చినను, గుండెలో నొప్పి పుట్టినను, మొదట తట్టబడునది ఆయన తలుపే. తాతకు మందిచ్చినవాడే మనుమనికిని మందిచ్చును. తెలుగు పల్లెలలో ఎండయనక వానయనక ఇంటింటికి తిరిగి నాడి చూచిన పాతకాలపు వైద్యుని స్థానము వంటిదే ఆయన స్థానమును.

2020 ఫిబ్రవరి 21వ తేదీన ఉత్తర ఇటలీలోని లొంబార్డీ సీమలో కొదోన్యో అను చిన్నపట్టణమున ఈ వ్యాధి బయటపడెను. కొలదివారములలోనే ఆ సీమలోని ఆసుపత్రులు క్రిక్కిఱిసిపోయెను. మంచము దొరకని రోగులు ఇండ్లలోనే మిగిలిపోయిరి. వారికి దిక్కైనది కుటుంబవైద్యుడు. కాని ఆయనకు దిక్కెవ్వరు? మాస్కులు చాలవు, చేతితొడుగులు చాలవు, పరీక్షలు జరుగవు. పెక్కుమంది వైద్యులు చాలినంత రక్షణ లేకయే రోగుల ఇండ్లకు వెళ్లిరి. ఇటలీ వైద్యసంఘముల సమాఖ్య మృతులైన వైద్యుల పేర్లతో ఒక పట్టిక ప్రకటింప నారంభించెను. ఏప్రిల్ 9వ తేదీ నాటికే అందలి పేర్లు నూరు నిండెను. వారిలో కుటుంబవైద్యులు పెక్కురు.

ఇది దేహమునకు కలిగిన హాని. మనస్సునకు కలిగిన హాని లెక్కకు అందునది కాదు. పెద్ద ఆసుపత్రిలో మరణించువాడు అచ్చటి వైద్యునకు ఒక రోగి మాత్రమే కావచ్చును. కుటుంబవైద్యునకో, అతడు ఇరువది యేండ్ల పరిచితుడు. వాని పెండ్లి నెఱుగును, వాని బిడ్డల పేర్లెఱుగును. ఇట్టివాని కుమార్తె టెలిఫోనులో “మా తండ్రికి ఊపిరాడుట లేదు, ఏమి చేయుదును?” అని విలపించునప్పుడు, పంపుటకు ఆసుపత్రిలో చోటు లేదని చెప్పవలసి వచ్చిన వైద్యుని గుండె యెట్లుండును? ఆ రాత్రి ఆయన యింటికి పోయి భార్యాబిడ్డలకు దూరముగా వేఱొక గదిలో పరుండవలయును. తెల్లవాఱగనే మరల అదే టెలిఫోను మ్రోగును.

ఇట్లు దినములు గడచినకొలది వైద్యుడు లోలోపల వట్టిపోవును. విడువని అలసట, చేయు పనియందు విముఖత, తనవలన ప్రయోజనము లేదను నిరాశ, ఈ మూడును కలిసిన స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణమున పేర్కొనినది. అది వ్యాధి కాదనియు, పని చేయుచోట చిరకాలముగా చక్కబెట్టబడని ఒత్తిడివలన కలుగు స్థితి యనియు దాని నిర్ణయము. ఇందలి అర్థము గమనింపదగినది. దోషము వైద్యుని ధైర్యములో లేదు. ఆయనచే పనిచేయించు ఏర్పాటులో ఉన్నది. కనుక ఏర్పాటును సరిదిద్దవలయును గాని, ఆయనకు ధైర్యవచనములు చెప్పి ఊరకుండరాదు.

సరిదిద్దుటకు మార్గములు లేకపోలేదు. ఇటలీ ప్రభుత్వము 2020 మార్చి 9వ తేదీన ఒక శాసనము చేసెను. దానిప్రకారము ప్రతి 50,000 మంది జనులకు ఒక ప్రత్యేక వైద్యదళము ఇండ్లలోనున్న కోవిడ్ రోగులను చూడవలయును. కుటుంబవైద్యుడు తక్కిన రోగులను చూచుకొనవలయును. ఆలోచన మేలైనదే గాని, ఆ దళములు అన్ని సీమలలోను ఒకే వేగముతో ఏర్పడలేదు. ఇల్లంటుకొన్న పిమ్మట బావి త్రవ్వుట యనగా ఇదియే. ఇంగ్లండులో, మహమ్మారికి మూడేండ్ల ముందే, 2017లో, కుటుంబవైద్యుల మానసికారోగ్యము కొఱకు రహస్యమును కాపాడు చికిత్సాసేవ యొకటి నెలకొల్పబడెను. తనకు జబ్బు చేసినదని చెప్పుకొనుటకు వైద్యుడే అందఱికంటె ఎక్కువగా సిగ్గుపడును. పరువు పోవునని జంకును. ఆ జంకును ఎఱిగి చేసిన ఏర్పాటది. బావి ముందుగా త్రవ్వుట యనగా అది.

ఇక స్వదేశము మాట. 2020 మార్చి 22వ తేదీ సాయంకాలము ఐదు గంటలకు దేశమంతట జనులు వాకిండ్లలో నిలిచి చప్పట్లు చఱచిరి, పళ్లెములు మ్రోగించిరి. అది వైద్యసిబ్బందికి కృతజ్ఞత. నెల తిరుగక ముందే ఏమి జరిగెను? నెల్లూరునకు చెందిన వైద్యుడొకడు చెన్నపట్టణమున ఆ వ్యాధితో మరణింపగా, అంబత్తూరు శ్మశానమున ఆయన దహనమునకు స్థానికులు అడ్డుపడిరి. ఆ నెలలోనే అదే నగరమున మఱియొక వైద్యుని భౌతికకాయమును తీసికొనిపోవు అంబులెన్సుపై రాళ్లు రువ్విరి. తుదకు సహవైద్యుడొకడు రాత్రివేళ ఇద్దఱు ఆసుపత్రి సిబ్బంది సాయముతో ఆయనను పూడ్చిపెట్టవలసి వచ్చెను. బ్రదికియుండగా చప్పట్లు, చనిపోయిన పిమ్మట ఆఱడుగుల నేలకైనను నిరాకరణము! ఇట్టి వార్త విన్న ఏ వైద్యుడు మఱునాడు నిశ్చింతగా రోగి చేయి పట్టగలడు?

ఏప్రిల్ 22వ తేదీన కేంద్రప్రభుత్వము 1897 నాటి అంటువ్యాధుల చట్టమును సవరించి, వైద్యసిబ్బందిపై దౌర్జన్యము చేయువారికి మూడు నెలలు మొదలు ఐదేండ్ల వరకును, తీవ్రగాయము కలిగించినచో ఏడేండ్ల వరకును కారాగారశిక్ష విధించెను. అంతకుమునుపే మార్చి 30వ తేదీ నుండి వైద్యసిబ్బందికి 50 లక్షల రూపాయల బీమా అమలులోనికి వచ్చెను. ప్రభుత్వము నియోగించిన ప్రైవేటు వైద్యులకును అది వర్తించెను. కాని యెవ్వరి పిలుపును లేకయే తన వైద్యశాల తలుపు తెఱచియుంచిన వీథివైద్యుని కుటుంబము మాటయేమి? జమాఖర్చులలో ఆయన సేవ జమ క్రింద చేరినది; ఆయన ప్రాణము ఏ ఖర్చు క్రిందను వ్రాయబడలేదు. 2020 జనవరి మొదలు 2021 మే వరకు ప్రపంచమున ఇంచుమించు 1,15,500 మంది ఆరోగ్యసేవకులు కోవిడ్‌వలన మరణించియుందురని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

లోకహితమునకై దధీచి తన వెన్నెముకను దానమిచ్చెను. అది ఆ మహర్షి యిచ్ఛాపూర్వకముగా చేసిన త్యాగము. ఊరిలోని ప్రతి వైద్యుడును దధీచి కావలయునని కోరు హక్కు ఊరికి లేదు.

ఈ విషయమును పూర్వులు ఎఱుగకపోలేదు. చికిత్సకు వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి యని నాలుగు పాదములు చరకసంహిత చెప్పుచున్నది. నాలుగు కోళ్లలో ఒక్కటి విఱిగినను మంచము ఒరగును గదా! అందు రోగికిని నాలుగు గుణములు విధింపబడెను: జరిగినది జ్ఞప్తియందుంచుకొనుట, చెప్పినట్లు నడచుకొనుట, అధైర్యపడకుండుట, తన వ్యాధిని దాచక తెలుపుట. ఇవి రోగి మేలునకు మాత్రమే కాదు, వైద్యుని రక్షణకును కవచములు. దగ్గును దాచి, ప్రయాణమును దాచి వైద్యుని యెదుట కూర్చున్నవాడు తనతోపాటు ఆయన యిల్లును ప్రమాదమున పడవైచుచున్నాడు.

కనుక గ్రామస్థులు ఈ రజతోత్సవ సందర్భమున కొన్ని నియమములు చేసికొనుట యుక్తము. అంటువ్యాధి ప్రబలిన దినములలో వైద్యునకును నర్సులకును ముందుగా మాస్కులు సమకూర్చవలయును. వారమున ఒక దినమైనను ఆయనకు విశ్రాంతి దొరకునట్లు పొరుగూరి వైద్యునితో వంతు లేర్పఱచవలయును. అత్యవసరము కానిచో అర్ధరాత్రి తలుపు తట్టరాదు. ఆయన కుటుంబమును వెలివేసినట్లు చూడరాదు. పుకార్లను అణచుటకు ఈ గ్రంథాలయమునందే సరియైన సమాచారమును చదివి వినిపింపవలయును. “అయ్యా, తాము భోజనము చేసితిరా?” అని అడుగువాడొకడైనను ఊరిలో ఉండవలయును.

వైద్యునకు పూజ అవసరము లేదు. నిద్ర అవసరము, రక్షణ అవసరము, తన బాధ చెప్పుకొనుటకు ఒక చెవి అవసరము. ఊరు ఆయన యోగక్షేమమును కనిపెట్టియుండినచో, రాబోవు విపత్తునందు ఆయన ఊరి యోగక్షేమమును కనిపెట్టియుండగలడు.

స్వస్తి.