ఓడపట్టికలో లేని యింటిపేరు



మన కుటుంబములవారు వంశవృక్షములు వ్రాయునపుడు "దేశాంతరగతుఁడు" అని వ్రాసి కొన్ని కొమ్మల నంతటితో విడిచిపెట్టుదుము. ఆ కొమ్మలు ఎండిపోలేదు.

1860వ సంవత్సరము నవంబరు 16వ తేదిని ట్రూరో అను ఓడ చెన్నపట్టణమునుండి 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరెను. 1911 వఱకు చెఱకుతోటలు మొదలగువాని కూలి యొడంబడికపై నేటాలునకుఁ బోయినవారు లక్షన్నరకు పైఁబడిరి. అందు విశాఖపట్టణము, ఉత్తరార్కాటు జిల్లాల తెలుగువారు పెక్కురు. ప్రతి మనిషికి నొక సంఖ్య. దాని కెదురుగా పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, తుదకు దేహముమీఁది మచ్చ కూడ వ్రాసిరి. మచ్చకు గడి కలదు, ఇంటిపేరునకు లేదు! కావున తాతపేరో, నాయుఁడు మొదలగు గౌరవపదమో మనుమల కింటిపేరయ్యెను.

ఆ సంతతివారు పట్టికనకలు చేతఁబట్టుకొని వచ్చినచో మన మేమి చూపఁగలము? ఇంగ్లీషు వ్రాతలో గ్రామనామము వికృతమై యుండును. కులముగడిలోని మాట మన వాడుకతో సరిపడకపోవచ్చును. అంతమాత్రమున వారిని గుమ్మమునుండి పంపివేయుట న్యాయము కాదు. మన పెట్టెలలోని క్రయపత్రములందు, భాగపత్రములందు, సాక్షుల చేవ్రాళ్లయందు తండ్రిపేరును ఇంటిపేరును కలిసి యున్నవి. చెదలు తినకముందే వానిని విప్పి, ఆ పేరులను గ్రామవారీగా వ్రాసి సంఘకార్యాలయమునకు పంపవలెనని ప్రతి శాఖవారిని వేఁడుచున్నాము.