చెరకు చేలపై చిన్న ఉపగ్రహములు

(బోధన్ ప్రాంత గ్రామ పంచాయతీ సభ్యుల యెదుట గావించిన ప్రసంగము)



ఉపగ్రహమనగానే మనకు మహాయంత్రము స్ఫురించును. నేను చెప్పబోవునది రెండు చేతులతో ఎత్తదగిన ఉపగ్రహమును గూర్చి. దానితో పంచాయతీకి పనియేమి యని మీరడుగవచ్చును. పని గలదు.

1999లో అమెరికాలోని ఇద్దరు ఆచార్యులు, జోర్డి పుయిగ్-సువారి, బాబ్ ట్విగ్స్ అనువారు, విద్యార్థులు నిర్మింపగల ఉపగ్రహమునకొక కొలత నిర్ణయించిరి. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి సెంటీమీటర్లు. దీనిని క్యూబ్‌శాట్ అందురు. ఒకే అచ్చులో పోసిన ఇటుకలు ఏ గోడలోనైనను ఇముడునట్లు, ఈ కొలత పెట్టెలు పలు రాకెట్లలో ఇముడును. పెద్ద ఉపగ్రహముతోపాటు పోవుటచే ఖర్చును తగ్గును.

పెట్టెపై సూర్యరశ్మిని విద్యుత్తుగా మార్చు ఫలకములుండును. లోపల, భూమి నీడలోనున్న వేళకు బ్యాటరీ, ఆజ్ఞల నమలుపరచు చిన్న కంప్యూటరు, భూమితో సంభాషించు రేడియో ఉండును. తీగచుట్టలు విద్యుత్తుచే అయస్కాంతములై, దిక్సూచి ముల్లువలె భూమి అయస్కాంతశక్తి నాధారము చేసికొని పెట్టెను తిప్పును. ఇది సుమారు గంటన్నర కొకసారి భూమిని చుట్టివచ్చును. చెడినచో బాగుచేయుటకు మనిషి పోజాలడు. కావున ముందే వేడికి, చలికి, కుదుపునకు గురిచేసి పరీక్షింతురు.

ఇట్టి పని మన రాష్ట్రమునను జరుగుచున్నది. హైదరాబాదులోని ధ్రువ స్పేస్ సంస్థ నిర్మించిన థైబోల్ట్-1, థైబోల్ట్-2 ఉపగ్రహములు 2022 నవంబరు 26న శ్రీహరికోట నుండి ఎగసినవి. తపాలా సంచివలె, ఒకచోట అందిన సందేశమును దాచి వేరొకచోట అందించు పద్ధతిని అవి చూపినవి.

ఇక మన పొలముల మాట. 2017 ఫిబ్రవరి 15న మన దేశపు రాకెట్టు ఒక్కటే 104 ఉపగ్రహములను మోసికొనిపోయినది. అందు 88 అమెరికాలోని ప్లానెట్ సంస్థవి. ఒక్కొక్కటి ఐదు కిలోల లోపు. భూమిని ఫొటో తీయుటయే వాని పని. అన్ని యెందుకు? పెద్ద ఉపగ్రహ మొక్కటే యైనచో మన చేనిపైకి మరల వచ్చుటకు దినములు పట్టును. చిన్నవి వరుసగా సాగినచో దాదాపు ప్రతిదినము ఫొటో లభించును.

దీని ప్రయోజనము చూడుడు. భాద్రపదమున వరియు, చెరకును పచ్చగనే యుండును. ఒక్క ఫొటోతో పొరబడవచ్చును. తేదీల వరుసను చూచినచో, నాలుగు నెలలకు వరి పండి కోతకు వచ్చును. చెరకు పది, పన్నెండు నెలలు నిలుచును. తేడా తేటపడును. 1937లో నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతబడిన పిదప ఇచ్చటి రైతులు పలువురు చెరకు విడిచి వరికి మరలిరి. ఏ పొలము ఏ పంటకు మారినది, ఏ చెరువు ఎప్పుడెండినది యను లెక్క పంచాయతీకి అవసరము.

అయినను ఫొటోకు హద్దులున్నవి. మబ్బులు క్రమ్మినప్పుడు ఈ కెమెరాకు నేల కనబడదు. అందొక చుక్క భూమిపై సుమారు మూడు మీటర్లు. ఎకరమునకు సుమారు 450 చుక్కలు, గుంటకు పదకొండు మాత్రమే. దీనితో గట్టు తగాదా తీర్పరాదు. ఆకాశము నుండి చూచినది నిజమో కాదో గట్టుమీద నిలిచినవాడే చెప్పగలడు. ఆ సాక్ష్యము మీది.

కావున మీకొక మనవి. హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రమువారి భువన్ పటములను పంచాయతీ కార్యాలయమున తెరచి చూడుడు. అవి ముఖ్యముగా పెద్ద ఉపగ్రహములవి. చదువు విధానము మాత్రమొకటే. మీ చెరువును, కాలువను గుర్తించి, తప్పున్నచో వ్రాసి అధికారులకు తెలుపుడు. మీరు చూడనిచో ఆ తప్పే లెక్కయై నిలుచును.

పిల్లలనును ప్రోత్సహింపుడు. దేశములోని 75 పాఠశాలలకు చెందిన 750 మంది బాలికలు ఆజాదీశాట్ నిర్మాణమున పాల్గొనిరి. 2022 ఆగస్టు 7న రాకెట్టు సరియైన కక్ష్యను చేర్పలేక అది నష్టమైనది. మరల నిర్మింపబడిన ఆజాదీశాట్-2 2023 ఫిబ్రవరి 10న కక్ష్యను చేరినది. పల్లె బడిలోని బాలిక చేయలేని పని కాదిది. ఆమెకు కావలసినది ప్రయోగశాలలో ఒక బల్ల, నేర్పెడు గురువు, వెన్నుదట్టు పంచాయతీ.