ముందేమి, తరువాతేమి

(పాఠశాల వార్షికోత్సవ సభలో తల్లిదండ్రులనుద్దేశించి ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



మన పిల్లలు తెలుగులో ఓనమాలు దిద్ది, ఇంజనీరింగు పట్టభద్రులై, ఇంకను పైచదువులకు పోవుచున్నారు. ఆ మెట్టున వారికెదురగు ఒక చిక్కును గూర్చి నేడు మనవి చేయదలచితిమి. పాఠశాలలో ఏ గంటకు ఏ పాఠమో మేము నిర్ణయింతుము. ఇంజనీరింగు కళాశాలలో చాలవరకు విశ్వవిద్యాలయము నిర్ణయించును. ఎం.టెక్.లో చేరిన నాడు మాత్రము పాఠ్యాంశముల పట్టిక చేతికిచ్చి, ఏరుకొనుమందురు. పదహారేండ్లు ఏరుకొని యెరుగని చేయి అప్పుడు తడబడును.

1909లో మన బెంగళూరున స్థాపితమైన భారతీయ విజ్ఞాన సంస్థనే చూడుడు. అచ్చట సెమిస్టర్లు ఆగస్టునందును, జనవరియందును ఆరంభమగును. పాఠ్యాంశము ప్రక్కన 3:1 వంటి గుర్తుండును. మొదటి అంకె ఉపన్యాసములకు, రెండవది ప్రయోగశాలకు. కొన్ని తప్పనిసరి, కొన్ని ఐచ్ఛికములు, చివర ప్రాజెక్టు. ఇట్టి చదువులలో ఏడాదికొక్కసారియే బోధించు పాఠ్యాంశములుండును. ఒకటి జారవిడిచినచో మరల ఏడాది ఆగవలెను. రెండేండ్ల చదువులో అది ఎంత నష్టమో వేరుగ చెప్పనక్కరలేదు.

భూకంపమునకు భవనమెట్లు ఊగునో పరిశీలింపగోరు విద్యార్థిని తలచుకొందము. ముందు అవకలన సమీకరణములు, మాత్రికలు, పిదప కంపనశాస్త్రము, ఆ పిమ్మటనే భూకంపమునకు తట్టుకొను కట్టడముల రచన. ఈ వరుస తప్పినచో పరీక్ష గట్టెక్కినను ప్రాజెక్టు గట్టెక్కదు. గణితము రాకుండగనే ప్రాజెక్టుకు పేరు పెట్టుట, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్లుండును. కావున పట్టికను తుదినుండి మొదటికి చదువవలెను: ప్రాజెక్టుకేమి కావలెను? దానికి ముందేమి తెలియవలెను? మొదటి సెమిస్టరులో పునాది పాఠములు చాలు. బరువంతయు ఒక్కసారి నెత్తికెత్తుకొనరాదు.

పునాది విశాలముగ నుండుట వృథా కాదు. సతీష్ ధవన్ గారు గణిత భౌతికములలో బి.ఏ., ఆంగ్ల సాహిత్యమున ఎం.ఏ., మెకానికల్ ఇంజనీరింగున బి.ఇ. చదివిరి. పిదప అమెరికాలో వైమానికశాస్త్రము నభ్యసించి, 1951లో డాక్టరేటు పొందిరి. ఆ ఏటనే మన విజ్ఞాన సంస్థలో చేరి, 1962లో దానికి డైరెక్టరైరి. శ్రీహరికోటలోని అంతరిక్ష కేంద్రమునకు 2002లో వారి పేరే పెట్టిరి. సాహిత్యము వారి ఇంజనీరింగునకు అడ్డు రాలేదు.

తెలుగున చదివినవాడు అచ్చట వెనుకబడునేమోయని మీలో పలువురి బెంగ. ప్రవేశమునకగు గేట్ పరీక్ష ఆంగ్లముననే జరుగును. ఆంగ్లమును గట్టిగా నేర్పుట మా బాధ్యత. కాని ముందేమి, తరువాతేమి అను ఆలోచన తల్లిభాషలోనే తేటగ అలవడును. ఆ అలవాటున్నవానికి భాష మారినను దారి తప్పదు.

మేము కోరునది స్వల్పము. బిడ్డ యేమి చదువవలెనో మీరే తేల్చివేయకుడు. సెలవుల చదువునకు వానినే ఒక పట్టిక వ్రాయనిండు. "ఏది చదివిన ఉద్యోగము వచ్చును?" అని మొదలిడక, "ఇది నేర్చుటకు ముందేమి రావలెను?" అని యడుగుడు. వాడు తప్పు వరుస వ్రాసినను కొట్టివేయక, ఎందుకట్లు వ్రాసెనో చెప్పనిండు. తొమ్మిదవ తరగతిలో సరిదిద్దుకొను తప్పు ఒక సెలవుదినముతో పోవును, ఎం.టెక్.లో అదే తప్పు ఒక ఏటిని మ్రింగును.