బావి కంటే ముందు నీరు

(నెల్లూరు తీర మండలాల సేవా కార్యకర్తలు రంజాన్ ఏర్పాట్ల కోసం జరుపుకొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

రంజాన్ దగ్గర పడుతోంది. కొద్ది రోజుల్లో మన మస్జిదుల ముందు రసీదు పుస్తకాలు తెరుచుకుంటాయి. చేపల బుట్ట మోసే తల్లి మొదలుకొని గల్ఫ్ నుంచి డబ్బు పంపే కుమారుని వరకు, ఎవరికి తోచినంత వారు ఇస్తారు. ఆ సొమ్ము మన చేతికి వచ్చిన క్షణం నుంచి అది అమానత్. అమానత్‌ను దొంగిలించకుండా ఉండటం ఒక్కటే చాలదు. దానితో చేయగలిగిన మేలు చేయకపోవడం కూడా ఖియానతే అవుతుందని మేము ఆలస్యంగా గ్రహించాం. ఆ గ్రహింపు ఎలా కలిగిందో చెప్పడానికే ఈనాడు మీ ముందు నిలబడ్డాం.

ఎనిమిదేళ్ల కిందట సముద్రానికి మైలున్నర దూరంలోని ఒక పల్లెలో మేము బోరు వేయించాం. నూర్ బాషా కుటుంబాలు, యానాదుల గుడిసెలు, కొన్ని పట్టపువారి ఇళ్లు కలిసి ఉన్న పల్లె అది. ఒక దాత తన తండ్రి పేరిట సదఖ యె జారియాగా సొమ్ము ఇచ్చారు. జనవరి నెలలో బోరు దిగింది. నీరు తియ్యగా ఉంది. దుఆ చేశాం, మిఠాయి పంచాం, చలువరాతి పలక నిలబెట్టాం, ఫోటో దిగాం. లెక్కలన్నీ రూపాయితో సహా సరిపోయాయి. పని పూర్తయిందనుకొని దస్త్రం మూసివేశాం.

మూడవ ఏడు ఫిత్రా పంచడానికి అదే పల్లెకు వెళ్లాం. బోరు దగ్గర ఒక్క బిందె కూడా లేదు. స్త్రీలు క్యాన్ల నీరు కొంటున్నారు. కూలి దొరకని రోజున అదే బోరు నీరు తాగుతున్నారు. ఆ నీటితో టీ కాస్తే పాలు విరిగిపోతున్నాయట, కందిపప్పు ఎంతసేపైనా ఉడకడం లేదట. ఇన్నాళ్లు మాకెందుకు చెప్పలేదని అడిగాం. ఒక ముసలమ్మ తల వంచుకొని, "ధర్మానికి ఇచ్చినదాన్ని ఉప్పగా ఉందని ఎట్టా చెప్పేది నాయనా?" అంది. ఆ మాట ఈనాటికీ మా చెవుల్లో ఉంది. మన దానం పేదవాని నోరు కూడా కట్టివేయగలదని ఆ రోజు తెలిసింది.

తప్పు ఎక్కడ జరిగింది? తీరంలోని ఇసుక నేలల్లో వాన నీరు ఉప్పునీటి మీద పొరగా తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన 1 అడుగు మంచినీరు ఉంటే, దాని కింద సుమారు 40 అడుగుల మంచినీరు నిలబడగలదని శాస్త్రజ్ఞులు ఏనాడో లెక్కగట్టారు. అంటే పైన ఒక్క అడుగు తగ్గితే కింద నలభై అడుగులు పోతుంది. అధికంగా తోడినకొద్దీ ఉప్పునీరు పైకి ఎగబాకుతుంది. చుట్టూ రొయ్యల గుంటలు ఉంటే చెప్పనక్కరలేదు. ఆ గుంటల వలన తీరప్రాంతాల తాగునీటికి జరిగిన హానిని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో ఇచ్చిన తీర్పులోనే ప్రస్తావించింది. మేము నీటి రుచి చూసినది జనవరిలో, అంటే ఈశాన్య రుతుపవనాల వానలు కురిసి వెళ్లిన వెంటనే. మన జిల్లాలో ఆ నెలలో బావి నీరు తియ్యగా ఉండటం సహజమే. మే నెలలో చూడవలసిన పరీక్షను జనవరిలో, అదీ నాలుకతో చేశాం.

సోదరులారా, బావి దానం అనగానే మనకు హజ్రత్ ఉస్మాన్ (రజి) గుర్తుకు వస్తారు. ఆ ఉదంతాన్ని మళ్లీ ఒకసారి జాగ్రత్తగా ఆలోచించండి. మదీనాలో మంచినీటికి కొరత ఉన్నప్పుడు ఆయన రూమా బావిని కొని ప్రజలకు అంకితం చేశారు. ఆ బావి నీరు తియ్యనిదని అందరికీ ముందే తెలుసు. నీటికి వెల కట్టవలసి రావడమే పేదవానికి అడ్డం. ఆయన ఆ అడ్డాన్ని తొలగించారు. కొత్త గొయ్యి తవ్వించలేదు. ఉన్న మంచినీటిని పేదవానికి దక్కేటట్లు చేశారు. అవసరం ఏమిటి, అడ్డం ఏమిటి, తన సొమ్ము ఎక్కడ పనిచేస్తుంది అనే మూడు విషయాలు తెలిసి చేసిన దానం అది. మేము అనుకరించినది బావిని మాత్రమే, ఆ వివేకాన్ని కాదు.

ఈ పొరపాటు మా ఒక్కరిదే అయితే ఇంత మంది ముందు చెప్పవలసిన పని లేదు. మన పొరుగున బంగ్లాదేశ్‌లో ఇదే పొరపాటు ఒక దేశమంత పరిమాణంలో జరిగింది. చెరువుల్లోని మురికి నీరు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతున్నారని 1970ల నుంచి యునిసెఫ్ సహాయంతో అక్కడ లెక్కలేనన్ని చేతిపంపులు వేశారు. ఉద్దేశం ఉత్తమమైనది. నీరు తేటగా ఉంది. కానీ ఆ నీటిలో ఆర్సెనిక్ ఉందేమో ఎవరూ పరీక్షించలేదు. 1993లో అది బయటపడింది. అప్పటి 12.5 కోట్ల జనాభాలో 3.5 కోట్ల నుంచి 7.7 కోట్ల మంది వరకు ఆ విషానికి గురయ్యే స్థితిలో ఉన్నారని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అంచనా వెలువడింది. అరచేతుల్లో, అరికాళ్లలో గట్టి పొక్కులు, ఏళ్ల తరువాత క్యాన్సర్లు.

ఆ తరువాత జరిగినది కూడా వినండి. సుమారు 50 లక్షల పంపులను పరీక్షించి, మంచివాటికి ఆకుపచ్చ రంగు, చెడ్డవాటికి ఎరుపు రంగు వేశారు. ఒక ప్రాంతంలో పరిశోధకులు ఇంటింటికీ వెళ్లి చూడగా, తమ పంపు చెడ్డదని తెలిసిన కుటుంబాల్లో సగానికి పైగా ఏడాది తిరగకుండానే వేరే పంపుకు మారిపోయాయి. కొత్త పంపు ఎవరూ ఇవ్వలేదు. ఒక పరీక్ష, ఒక డబ్బా రంగు, నిజం చెప్పే ఒక మనిషి. ఆ సమాచారమే అక్కడ ప్రాణాలు కాపాడే దానమైంది.

ఇంత దూరం పోనక్కరలేదు. మన దేశంలో నీటిలోని ఫ్లోరైడ్ వలన ఎముకలు వంగిపోయే జబ్బును తొలిసారిగా వైద్య పత్రికలకు ఎక్కించినది మన నెల్లూరు జిల్లా నుంచే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే వైద్య పరిశోధకులు ఆ వ్యాసం ప్రచురించారు. పళ్లపై గోధుమ రంగు మచ్చలు, నడివయసుకే బిగుసుకుపోయిన వెన్ను. దీనికి బావి నీరే కారణమని తేలింది. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నాలుకకు తియ్యగా తగిలిన నీరే నడుమును విరవగలదు. ఆ పరిశోధన మన గడ్డ మీద జరిగి ఎనభై ఏళ్లు దాటాక కూడా నీటిని నాలుకతో పరీక్షించి బోరు దానం చేసిన వాళ్లం మేము.

ఇక ఉప్పు సంగతి. కొంచెం ఉప్పగా ఉంటే ఏమవుతుందిలే అనుకునేవారికి ఒక మాట. బంగ్లాదేశ్ తీరంలోని దకోప్ ప్రాంతంలో గర్భిణులపై పరిశోధన జరిగింది. ఉప్పు ఎక్కువగా ఉన్న నీరు తాగే స్త్రీలలో రక్తపోటు, దానితో కూడిన గర్భవాతపు ప్రమాదం ఎక్కువగా కనిపించాయి. తల్లికీ బిడ్డకూ ప్రాణాంతకమైన స్థితి అది. మన తీరంలోని చెల్లెళ్లూ కోడళ్లూ తాగుతున్నది అలాంటి నీరే. మేము వేయించిన బోరు దగ్గర ఎందరు గర్భిణులు ఆ నీరు తాగారో మేము లెక్క రాసుకోలేదు. రేపు అల్లాహ్ ముందు అడిగే లెక్క మాత్రం రసీదు పుస్తకంతో ముగియదు.

అయితే సొమ్మును దేనికి ఇవ్వాలి? ఇక్కడే పరిశోధన మనకు తోడు వస్తుంది. 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో ఒకరైన మైకేల్ క్రీమర్, ఆయన సహచరులు కెన్యా పల్లెల్లో నీటి ఊటలకు సిమెంటు కట్టి చూశారు. ఊట దగ్గర నీరు బాగా శుభ్రపడింది. కానీ ఇంటికి చేరేసరికి ఆ మేలు చాలా వరకు పోయింది. మోసుకువచ్చే బిందెలో, చేయి ముంచే కుండలో మురికి మళ్లీ కలిసింది. తరువాత నీరు పట్టుకునే చోటనే క్లోరిన్ పోసే పరికరాన్ని ఉచితంగా అమర్చగా వాడకం బాగా పెరిగింది. ఇలా నీటిని శుద్ధిచేసే ప్రయత్నాలపై వివిధ దేశాల్లో జరిగిన పరిశోధనలను కలిపి చూస్తే, అయిదేళ్ల లోపు పిల్లల మరణాలు దాదాపు నాలుగోవంతు తగ్గినట్లు తేలింది. అయితే క్లోరిన్ క్రిములను చంపుతుందే గాని ఉప్పును, ఫ్లోరైడ్‌ను తీయదు. అందువలన ఏ పల్లెకు ఏ రోగమో తెలియకుండా మందు ఇవ్వరాదు.

తక్కువ ఖర్చుతో గొప్ప మేలు జరిగిన ఉదాహరణ కావాలంటే 1971 చాలు. బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీటిని డ్రమ్ముల్లో నింపి రోగుల బంధువుల చేతనే తాగించారు. వందకు 30 వరకు ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. ఆ ద్రావణం మేలును ఢాకాలోని కలరా పరిశోధనాలయం అంతకు ముందే నిరూపించి ఉంచింది. పరిశోధన సిద్ధంగా ఉన్నందువలననే ఆపదలో చేయి అటు వెళ్లింది.

కొందరు పెద్దలు మమ్మల్ని ఇలా అడిగారు: "ఇచ్చేవాని నియ్యత్ మంచిదైతే చాలదా? అల్లాహ్ చూసేది మనసునే గదా!" నిజమే. దాత సవాబ్ నియ్యత్‌ను బట్టే ఉంటుంది. కానీ దాతకు, పేదవానికి నడుమ నిలబడిన మన సంగతి వేరు. దాత నియ్యత్‌తో పేదవాని దాహం తీరదు. ఆ నియ్యత్‌ను నీటిగా మార్చే బాధ్యత మనది. పైగా జకాత్ సొమ్ము వేరు, సదఖా సొమ్ము వేరు. జకాత్ పేదవాని చేతికి సొంతంగా అందాలని ఉలమాల్లో ఎక్కువ మంది చెబుతారు కనుక, బోర్లకు, గొట్టాలకు సదఖాను మాత్రమే వాడాలి.

ఈ పత్రిక పాఠకులకు, హక్కుల కార్యకర్తలకు పరిశోధన విలువ కొత్తగా చెప్పనక్కరలేదు. 2004లో ముస్లింలకు ప్రకటించిన 5 శాతం రిజర్వేషన్‌ను హైకోర్టు ఎందుకు కొట్టివేసింది? బీసీ కమిషన్ పరిశీలన లేదని. 2005 నాటి చట్టం ఎందుకు నిలవలేదు? విచారణ శాస్త్రీయంగా లేదని. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా వెనుకబడిన ముస్లిం వర్గాలను గుర్తించి 4 శాతం ఇచ్చారు. కోర్టుల్లో పోరాటం సాగుతున్నా 2010 నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు అండతో అది నిలిచింది. మన గోడు ఎంత నిజమైనదైనా, లెక్క లేని గోడును ప్రభుత్వం వినదు. హక్కు అడగడానికి ఆధారం కావాలన్న మనమే దానం చేసేటప్పుడు ఆధారం అక్కరలేదనడం న్యాయమా?

ఆ బోరు తరువాత మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. మొదటిది, ఏ పల్లెలోనైనా ముందుగా స్త్రీలను కూర్చోబెట్టి అడుగుతాం. దాత పేరు చెప్పకుండా అడుగుతాం. రెండవది, ఉన్న బావుల, బోర్ల నీటిని మే నెలలో ఒకసారి, వానల తరువాత ఒకసారి గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపుతాం. నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండటం మేలు, గత్యంతరం లేనప్పుడు 2000 వరకు. ఫ్లోరైడ్ 1 లోపు, అంతకు మించి 1.5 దాటరాదు. ఇవి దేశ ప్రమాణాలు. మూడవది, కొత్త బోరే అవసరమైతే వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకుంటాం. నాలుగవది, పని ముగిసిన తరువాత మూడు వేసవులు నీటిని మళ్లీ పరీక్షించి, ఫలితాన్ని మస్జిద్ బోర్డుపై అంటిస్తాం, చెడ్డదైనా సరే. అయిదవది, ప్రభుత్వం చేయవలసిన పనిని మన సొమ్ముతో కప్పిపుచ్చం. శుభ్రమైన నీరు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. పరీక్ష నివేదికను జతచేసి అర్జీ పెడతాం.

ఆ పాత పల్లెలోనే ఇలా పరీక్షించగా ఆరు బోర్లలో ఒక్కటి మంచిదని తేలింది. ఊరికి అర కిలోమీటరు దూరంలో ఉంది. అక్కడి నుంచి గొట్టం వేసి, తొట్టి కట్టి, క్లోరిన్ కలిపే ఏర్పాటు చేద్దామని పాత దాతనే కలిశాం. ఆయన అంతా విని, "మంచిదే గానీ, గొట్టం మీద మా నాయన పేరు ఎక్కడ రాస్తారు?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. ఆయన సొమ్ము వేరొక చోట బోరుగా దిగింది. గొట్టం పనికి రెండేళ్లు పట్టింది. చిన్న చిన్న సదఖాలతో, పల్లెవాసుల శ్రమతో పూర్తయింది. దానిపై ఎవరి పేరూ లేదు.

ఆయనను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. తండ్రి మీద ప్రేమ తప్పు కాదు. పలక నిలబెట్టడం ఆయనకు నేర్పినది మేమే. ఫోటోలు పంపినది మేమే. నీటి నివేదిక పంపడం మాత్రం మేము ఏనాడూ నేర్చుకోలేదు. దాతలు ఏది అడగాలో మనం ఏది చూపిస్తామో దాన్ని బట్టి ఉంటుంది. కనుక ఈ రంజాన్‌లో రసీదుతో పాటు ప్రతి దాతకూ ఒక కాగితం ఇద్దాం. గత ఏడు మీ సొమ్ముతో చేసిన పని ఇది, దాని ఫలితం ఇది, పనిచేయనిది ఇది అని రాద్దాం. దాతలకు కూడా మా మనవి: మా వద్ద ఫోటో అడగకండి. నీటి లెక్క అడగండి.

ఆ పల్లెలో పాత చలువరాతి పలక ఇంకా ఉంది. తీసివేయమని కొందరు అన్నారు. ఉండనివ్వమన్నాం. కొత్త కార్యకర్తలను ముందుగా అక్కడికే తీసుకువెళ్లి, ఆ బోరు నీరు ఒక గుక్క తాగిస్తున్నాం.

అల్లాహ్ మన దానాలను స్వీకరించుగాక. ఆ దానాలను అవసరమైన వారికి సవ్యంగా చేర్చే వివేకాన్ని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.